గుమ్‌కూ ఘూమ్‌కూ మధ్య

నల్లా పదకొండుంబావుకు వచ్చింది.

పొద్దున ఆరింటికి రావాల్సిన నీళ్లు. మహేశ్వరి రాళ్లు అతికిస్తున్న గాజుల డబ్బాను పక్కకు తోసి, బిందెలు పట్టుకుని వెనక వాకిట్లోకి పరుగెత్తింది. రెండు బిందెలు, ఒక డ్రమ్ము, నాలుగు బకెట్లు. పన్నెండు నిమిషాలు పట్టింది. లోపలికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

"మామా!"

బాత్రూంలో లేడు. మేడ మెట్ల మీద లేడు. చెప్పులు మాత్రం గుమ్మం పక్కనే ఉన్నాయి.

దుర్గయ్యకు డెబ్బై రెండేళ్లు. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ముప్పై ఐదేళ్లు కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మూడేళ్ల నుంచి మతిమరుపు జబ్బు. ఇంటిపేరు గుర్తుంటుంది, ఇల్లు గుర్తుండదు. కొడుకు బాలనర్సింహ లారీ డ్రైవరు. ఆ రోజు సిమెంటు లోడుతో జహీరాబాద్ దాటి ఎక్కడో ఉన్నాడు. మనవరాలు స్వీటీ ఇంటర్ పరీక్ష రాయడానికి పోయింది. ఇంట్లో ఉన్నది కోడలు మహేశ్వరి ఒక్కతే.

జబ్బు మొదలైనప్పుడే డాక్టర్ చెప్పాడు. "ఈ జబ్బులో మనిషి తిరుగుతుంటాడమ్మా. తలుపులు జాగ్రత్త." అప్పటినుంచి ఆ ఇంట్లో అదే మాట స్థిరపడింది. మామ తిరుగుడు మీద ఉన్నడు. మామ తిరిగొచ్చిండు. ఇంతకుముందు రెండుసార్లు గల్లీ చివరిదాకా తిరిగాడు. రెండుసార్లూ తెలిసినవాళ్లే చెయ్యి పట్టుకుని తెచ్చి దింపారు.

గల్లీ మూలన ఇస్త్రీ బండి పెట్టుకున్న లీలమ్మ మహేశ్వరిని చూడగానే పెట్టె కింద పెట్టింది.

"మీ మామనా? గిప్పుడే పోయిండు కదనే. నీలం గళ్ల అంగి."

"ఏ దిక్కు?"

"ఏడికి కాకా అంటే, పిల్ల బడి విడిచే టైమైంది, తీసుకరావాలె అన్నడు. మీ పిల్లనే కదా అని ఊకున్న. అగో, ఆ బడి కాడికెళ్లి మలిగిండు."

స్వీటీ ఎల్‌కేజీ చదివిన బడి ఆరేళ్ల కిందటే మూతపడింది. అక్కడ ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. బడి కోసం వెతుక్కుంటూ ఆయన ఎన్ని బడుల ముందు నిలబడతాడో ఎవరికి తెలుసు? మార్చి నెల. ఒంటిపూట బడులు. ఇంకో గంటలో పాతబస్తీలో ప్రతి బడి గేటు ముందూ పిల్లలే.

ఫోన్ తీసింది. మొహల్లా వాట్సాప్ గ్రూపులో రెండు వందల పన్నెండు మంది. ముందు ఒక ఫోటో పెట్టింది. స్వీటీ పుట్టినరోజుకి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న దుర్గయ్య. కింద "మా మామ" అని రాసింది. తర్వాత, గ్రూపులో సగం మంది ఉర్దూవాళ్లు కాబట్టి, వాళ్లకూ అర్థం కావాలని రెండో మెసేజ్ హిందీలో కొట్టింది. మనసులో తెలుగు మాటలు పరుగెడుతుంటే వేళ్లు వాటిని అటు తిప్పుతూ పోయాయి. తిరుగుతుండు. నీలం గళ్ల అంగి. బడి కాడ కనబడ్డడంట. కనబడితే పట్టుకోండి. వదలొద్దు.

"ఘూమ్‌రే. నీలా చెక్స్ షర్ట్. స్కూల్ కే పాస్ దిఖే బోలే. దిఖే తో పకడో. ఛోడో మత్."

పంపింది. స్కూటీ తాళం కోసం కూడా ఆగకుండా కాలినడకన పరుగు తీసింది.

మొదటి బడి దగ్గర లేడు. రెండో బడి వాచ్‌మన్ చూడలేదన్నాడు. మూడో బడి ముందు జామకాయల బండివాడు, "ఒకాయన వచ్చిండక్కా, కాళ్లకు చెప్పుల్లేవు. ‘స్వీటీ, స్వీటీ’ అని పిలుస్తుండు. పోరగాళ్లు నవ్వుతుంటే పోయిండు," అన్నాడు. ఎటు పోయాడంటే చేతిని గాలిలో గుండ్రంగా తిప్పాడు.

పన్నెండు గంటల ఐదు నిమిషాలు.

వెనక నుంచి ఎవరో పిలిచారు. పక్కింటి గౌసియా బీ. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో గడప దాటదు. అలాంటిది బుర్ఖా అంచులు ఎత్తిపట్టుకుని, ఆయాసపడుతూ వస్తోంది. చేతిలో ఫోన్.

"బేటీ, ఇది నువ్వు పెట్టినవా?"

"ఔ ఖాలా. మామ కోసం."

"ఇది కాదు. ఇది చూడు. తలాబ్‌కట్టాలో మా చెల్లె పంపింది."

మహేశ్వరి చూసింది. పైన ఎర్ర సైరన్ బొమ్మలు మూడు. వాటి కింద:

"ఖబర్‌దార్! నీలా చెక్స్ షర్ట్‌వాలా స్కూల్ కే పాస్ ఘూమ్‌రా. బచ్చే ఉఠానేవాలా. దిఖే తో పకడో. ఛోడో మత్."

పిల్లలను ఎత్తుకుపోయేవాడు.

చదివింది. మళ్లీ చదివింది. చివరి రెండు మాటలు తనవే. ఒక్క అక్షరం మారలేదు.

"నేను గిట్ల రాయలే ఖాలా! ఫోటో పెట్టిన. మా మామ అని రాసిన."

"ఫోటో ఒక మెసేజ్. రాత ఒక మెసేజ్. జనం రాతనే పంపిండ్రు. ఫోటో ఆడనే ఉండిపోయింది." గౌసియా బీ గోడకు చెయ్యి ఆనించింది. "అసలు నువ్వు ఘూమ్‌రే అని ఎందుకు రాసినవ్?"

"తిరుగుతుండు కదా. తిరుగుతుండంటే గదే కదా?"

"అరే అల్లా! గుమ్ అని రాయాలె బేటీ. గుమ్ గయే. తప్పిపోయిండు అని."

"గూమ్ అనే కదా రాసిన."

"గూమ్ కాదు, గుమ్!" ముసలామె కోపంతో, భయంతో గొంతు పెంచింది. "గుమ్ అంటే తప్పిపోయినోడు. ఇంట్ల అతని కోసం ఎవరో ఏడుస్తుంటరు. ఘూమ్ అంటే తిరిగేటోడు. బడి కాడ తిరిగేటోడు, ఆడపిల్లల వెంట తిరిగేటోడు. తప్పిపోయినోనికి నీళ్లిస్తరు. తిరిగేటోన్ని తంతరు."

మహేశ్వరి ఇరవై ఏళ్లుగా ఆ గల్లీలో బేరాలాడింది, తగువులాడింది, పెళ్లిళ్లలో వడ్డించింది. ఆ రెండు మాటలు ఆమె నోట ఎప్పుడూ ఒక్కలాగే పలికాయి. విన్నవాళ్లు ముఖం చూసి అర్థం చేసుకున్నారు. ఇప్పుడు రాతకు ముఖం లేదు.

గ్రూపు తెరిచి తన మెసేజ్‌ను తుడిచేసింది. తమ గ్రూపులో అది మాయమైంది. గౌసియా బీ ఫోన్‌లో ఉన్నది అలాగే ఉంది. చూస్తుండగానే ఇంకో గ్రూపులో అదే వచ్చింది. అందులో ఒక వాక్యం ఎక్కువ: "తీన్ బచ్చే గాయబ్." ముగ్గురు పిల్లలు మాయమయ్యారట.

తప్పు దిద్దుతూ కొత్త మెసేజ్ రాసింది. ఆయన రోగి, మా మామ, దయచేసి కొట్టకండి. ఇద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఎవరూ దాన్ని ముందుకు పంపలేదు. భయానికి ఉన్న కాళ్లు దిద్దుబాటుకు ఉండవు.

పోలీసుల వంద నంబరుకు ఫోన్ చేసింది. అవతల ఆడగొంతు పేరు, వయసు, చొక్కా రంగు అడిగింది.

"నీలం గళ్లదా మేడమ్? దాని మీద ఇప్పటికే మాకు పదకొండు కాల్స్ వచ్చినయ్. బండ్లు పంపినం."

"ఆయన దొంగ కాదు మేడమ్, మా మామ!"

"సరే మేడమ్, రాసుకుంటున్న. ఎక్కడున్నడో చెప్పుండ్రి."

అదే తెలియదు.

ఫోన్ పెట్టేయగానే గౌసియా బీ చేతిలో ఫోన్ టింగుమంది. వీడియో. ఇరవై రెండు సెకన్లు. వీపులు, తలలు, పైకి లేచిన చేతులు. వాటి మధ్య ఒక్క క్షణం నీలం గళ్లు. ఎవరో కాలర్ పట్టి గుంజుతున్నారు. తర్వాత ఒక ఆకుపచ్చ షట్టర్ దబ్బున కిందికి దిగింది. జనం దాన్ని కాళ్లతో తన్నుతున్నారు.

"మళ్ల పెట్టు ఖాలా. మళ్ల పెట్టు."

గౌసియా బీ మళ్లీ పెట్టింది. షట్టర్ దగ్గర ఆపి, కళ్లద్దాలు పైకి నెట్టి చూసింది.

"ఇది సత్తార్ గోదాము. గాజులది. మా పెద్దోని పెండ్లికి అన్నీ ఆడనే తీసుకున్న. పక్కన బోరింగు ఉంటది, చూడు."

"ఏడ?"

"చెప్తే దొరకదు. గల్లీలల్ల గల్లీ. నేను వస్తా."

ఇద్దరూ ఇంటికి పరుగెత్తారు. మహేశ్వరి స్కూటీ తీసింది. గౌసియా బీ జీవితంలో రెండు చక్రాల బండి ఎక్కలేదు. వెనక కూర్చుని మహేశ్వరి నడుమును రెండు చేతులా కరుచుకుంది.

"ధీరే! ధీరే పోనీ!"

"ధీరే పోతే సంపుతరు ఖాలా!"

"అయితే జల్ది పోనీ! కానీ పడేయకు. నా బొక్కలు విరిగితే మా కోడలు నీ లెక్క చూసుకునేటిది కాదు!"

పిచ్చిపిచ్చిగా నవ్వు వచ్చింది మహేశ్వరికి. నవ్వు సగంలోనే ఏడుపైంది. ఆటోలు, అరటిపళ్ల బండ్లు, బట్టల దుకాణాల ముందు వేలాడే లంగాలు, అన్నీ తడిగా అలుక్కుపోయి కనిపించాయి. "బాయె! దాయె! కాదు కాదు, బాయె!" అని వెనక నుంచి గౌసియా బీ ఎడమా కుడీ అరుస్తూ దారి చూపించింది.

బండి ఆపకముందే శబ్దం వినిపించింది. రేకు మీద రాళ్లు పడే శబ్దం.

ఆ గల్లీ వెడల్పు ఎనిమిది అడుగులు. అందులో నూట యాభై మంది ఉంటారు. ఎక్కువ మంది మగవాళ్లు. బడి నుంచి పిల్లలను తెచ్చుకున్న తల్లులు కొందరు, పిల్లలను చంకలకు అదుముకుని గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ల కళ్లలో ఉన్నది క్రూరత్వం కాదు. భయం. మహేశ్వరికి అదే ఎక్కువ భయం కలిగించింది.

"జరగండి! ఆయన మా మామ! జరగండన్నా!"

కొంతమంది జరిగారు. షట్టర్ ముందు ఎర్ర టీషర్టువాడు ఒకడు ఇటుక పట్టుకుని నిలబడ్డాడు. పక్కన నుదుట బొట్టు పెట్టుకున్న నడివయసు మనిషి, చేతిలో హెల్మెట్.

"ఎవలు నువ్వు?" అన్నాడు హెల్మెట్ మనిషి.

"ఆయన కోడల్ని. ఆయనకు మతి ఉండదన్నా. జబ్బు మనిషి."

"జబ్బా? ఆడపిల్ల చెయ్యి పట్టుకుని గుంజిండు. మా తమ్ముని బిడ్డది. రా పోదాం, అమ్మ పంపింది అన్నడట. జబ్బోడు గట్ల అంటడా?"

"మా బిడ్డ అనుకున్నడు. మా స్వీటీ అనుకున్నడు."

"మంచి కథ."

మహేశ్వరి ఫోన్ తీసి ఫోటో చూపించింది. పుట్టినరోజు ఫోటో. దసరా ఫోటో. మంచం మీద దుర్గయ్య, పక్కన తను. ఎర్ర టీషర్టువాడు మెడ చాచి చూసి పెదవి విరిచాడు.

"ఫోటోలు ఇయ్యాల రేపు ఎవడైనా చేస్తడు భయ్యా. ఏఐల రెండు నిమిషాల పని."

"నేను చెప్తున్నా!" గౌసియా బీ ముందుకొచ్చింది. "పదిహేనేండ్ల నుంచి పక్కింట్ల ఉంటున్న. దుర్గయ్య సాబ్ ఫరిష్తా, దేవుడసొంటి మనిషి!"

"ఈమెను నువ్వు చూసినవా ఎన్నడన్నా?" అని ఒకడు ఇంకొకణ్ని అడిగాడు.

"లేదు. బయటి నుంచి వచ్చిండ్రు ఇద్దరూ. గ్యాంగుల ఆడోళ్లు కూడ ఉంటరంట. మెసేజ్‌ల ఉన్నది."

ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోవడం మహేశ్వరి కళ్లారా చూసింది. ఆడోళ్లు కూడా. ఆడోళ్లు కూడా. ఇందాక పక్కకు జరిగినవాళ్లు వెనక దారి మూసేశారు.

షట్టర్ లోపలి నుంచి ఎవరో గట్టిగా తట్టారు. "ఆగండ్రి! నేను సత్తార్! ఆమెను మాట్లాడనీయండ్రి!"

షట్టర్ మోకాలెత్తు లేచింది. దాని వెనక ఇనుప జాలీ తలుపు. వంగి చూస్తే జాలీ అవతల తెల్ల గడ్డం మనిషి, గోదాము యజమాని సత్తార్ భాయ్. ఆయన వెనక, గాజుల పెట్టెల మీద, దుర్గయ్య. చొక్కా భుజం దగ్గర చిరిగింది. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా కూర్చున్నాడు.

"మామా!" మహేశ్వరి నేల మీద మోకరిల్లి జాలీ పట్టుకుంది.

"బడే మియా," సత్తార్ భాయ్ మెల్లగా అడిగాడు. "ఈమె ఎవరు? మీ కోడలా?"

దుర్గయ్య వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కాదు."

"మామా, నేను మహేశ్వరిని!"

"మా కోడలు చిన్నపిల్ల," అన్నాడు దుర్గయ్య మర్యాదగా, పరాయి మనిషికి చెప్పినట్టు. "నల్లా కాడ నీళ్లు పడుతుంది. ఈమె ఎవలో నాకు తెల్వది."

వెనక నుంచి వచ్చిన అరుపుకి ఒక పసిపాప ఏడుపందుకుంది. ఎవరిదో చెయ్యి మహేశ్వరి జడ పట్టుకుంది. గౌసియా బీ ఆ చేతిని కొరికినంత పని చేసింది. ఇటుక షట్టర్‌కి తగిలి మహేశ్వరి భుజం పక్కగా పడింది.

"ఆగండ్రి!" సత్తార్ భాయ్ జాలీకి అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు కోడలివైతే ఈయన ఒంటి మీద గుర్తు చెప్పు. నేను ఈడ చూస్తా. అబద్ధమైతే నేనే తలుపు తీస్తా. నిజమైతే ఒప్పుకుంటరా?" అని గుంపును అడిగాడు.

"చెప్పనీ," అన్నాడు హెల్మెట్ మనిషి.

"కుడి భుజం మీద కాలిన మచ్చ," అంది మహేశ్వరి. "ఫ్యాక్టరీల లోహం చిందింది."

"అంగి చినిగింది కదా," ఎర్ర టీషర్టువాడు వంగి చూసి నవ్వాడు. "మచ్చ నాకు కూడ కనబడుతుంది. ఇంకోటి చెప్పు."

ఇంకోటి.

మహేశ్వరికి తెలుసు. ఆ ఒంటి మీద ఎక్కడ ఏముందో ఆయనకంటే, కొడుకు కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. కానీ అది ఇంట్లో కూడా ఎవరూ పైకి అనని మాట. చుట్టాలు వస్తే ఆ పనులన్నీ బాలనర్సింహ చేస్తాడని చెప్పుకున్నారు. లారీ మీద నెలకు ఇరవై రోజులు పోయే బాలనర్సింహ. మామ ఎదురుగా కోడలు కూర్చోకూడని ఇల్లు అది. తెలివి ఉన్న రోజుల్లో దుర్గయ్య ఆమె ముందు బనీను మీద కూడా తిరగలేదు.

ఆమె చుట్టూ ముప్పై ఫోన్లు రికార్డు చేస్తున్నాయి.

"నా ముఖం తీయండ్రి," అంది మహేశ్వరి వాటి వైపు తిరిగి. "ఆయనది తీయకండ్రి." తర్వాత జాలీలోంచి లోపలికి, గల్లీ అంతా వినేటట్టు చెప్పింది. "ఆయనకు డైపర్ ఉన్నది. పొద్దున నేనే కట్టిన. కుడి దిక్కు పట్టీ ఊడిపోతే, గాజుల డబ్బాలకు అంటించే ఖాకీ టేపు వేసిన. రెండు ముక్కలు, ఒకదాని మీద ఒకటి. ఎడమ తొడ లోపల ఒరుసుకుని పుండు అయింది. దాని మీద పసుపు రంగు మందు ఉంటది. పుండు పైన రూపాయి బిళ్లంత పుట్టుమచ్చ. మూడేండ్ల నుంచి స్నానం నేనే పోస్తున్న. ఇంకేం చెప్పాలె? అడుగుండ్రి. చెప్తా."

ముందు వరుసలో రెండు ఫోన్లు కిందికి దిగాయి.

సత్తార్ భాయ్ షట్టర్ కిందికి దించాడు. లోపల ఆయన గొంతు వినిపించింది, బతిమాలుతున్నట్టు. పెట్టె జరిగిన చప్పుడు. నిమిషం గడిచింది. గోడకు ఆనుకున్న తల్లుల్లో ఒకామె చంకలోని పాపను రెండో చంకకు మార్చుకుంది.

షట్టర్ లేచింది. ఈసారి నడుము దాకా. జాలీ తలుపు కూడా తెరుచుకుంది.

"ఖాకీ టేపు," అన్నాడు సత్తార్ భాయ్. "రెండు ముక్కలు. నా దుకాణం టేపే, రాళ్లు అతికేటందుకు ఇండ్లకు పంపే డబ్బాలది. నా పేరు అచ్చేసి ఉన్నది దాని మీద. సిగ్గు లేదా మీకు? పొండ్రి!"

హెల్మెట్ మనిషి తల దించుకున్నాడు. హెల్మెట్‌ను ఏం చేయాలో తెలియనట్టు తలకు పెట్టుకుని, మళ్లీ తీసి, గోడ వెంబడి వెళ్లిపోయాడు. ఎర్ర టీషర్టువాడు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. గుంపు ఒకేసారి కరగలేదు. వెనక ఉన్నవాళ్లకు లోపల ఏం జరిగిందో ఇంకా తెలియదు. "దొరికిండా? కొట్టిండ్రా?" అని అడుగుతూనే ఉన్నారు.

మహేశ్వరి లోపలికి పాకి, చీర కొంగుతో దుర్గయ్య పెదవి తుడిచింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు. ఆయనకు ఏ మాట అర్థమైందో, ఏది కాలేదో ఆమెకు తెలియలేదు. ఏదో ఒకటి మాత్రం అర్థమైంది.

"తప్పైంది మామా," అంది. "ఇంటికి పోదాం."

"పిల్ల?" అన్నాడు ఆయన.

"ఇంట్ల ఉన్నది."

సత్తార్ భాయ్ తన కుర్తా తెచ్చిచ్చాడు. నీలం చొక్కా విప్పి దాన్ని తొడిగారు. చేతులు పొడుగయ్యాయి. గౌసియా బీ మణికట్ల దగ్గర మడతలు వేస్తూ, గొణుగుతూ, మధ్యలో ముక్కు చీదుకుంటూ ఉండగా పోలీసులు వచ్చారు. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. గల్లీ రెండు నిమిషాల్లో ఖాళీ అయింది. రాళ్లు మిగిలాయి.

ఎస్సై చిన్నవాడు. దుర్గయ్యను చూసి, మహేశ్వరి చెప్పింది విని, టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"దొరికిండు, మంచిగైంది. అసలు ఆ మెసేజ్ మొదట ఎవరు పెట్టిండ్రో తెలుసా మీకు?"

గౌసియా బీ మడతలు వేయడం ఆపింది. మహేశ్వరి వైపు చూడలేదు. చెప్పకు అన్నట్టు నేల మీద ఆమె పాదం మహేశ్వరి పాదాన్ని తాకింది.

ఎస్సై ఫోన్ మోగింది. పక్కకు జరగబోయి, వింటూనే ఆగిపోయాడు.

"ఏంది? గుడిమల్కాపూరా? ఎవరు? ... కాదు, కాదు, ఇక్కడ దొరికిండు. నా ముందే ఉన్నడు. ... నీలం గళ్ల చొక్కానా?" అతని ముఖం మారింది. "ఎంతమంది ఉన్నరు? ... మీరిద్దరే ఉన్నరా?"

మహేశ్వరి లేచి నిలబడింది.

"ఏమైంది సార్?"

"పూల మార్కెట్ కాడ ఇంకో ముసలాయనను పట్టుకున్నరు. అదే మెసేజ్. మావోళ్లు ఇద్దరే ఉన్నరు, జనం ఇంటలేరు. అసలు దొంగను మీరు ఇడిసిపెడుతున్నరని మావోళ్ల మీదికే వస్తున్నరు."

పాతబస్తీ నుంచి గుడిమల్కాపూర్‌కు, ఆ వేళకు, జీపులో పోయినా అరగంట. ఆమె మాట గంటలో నది దాటి అంత దూరం పోయింది.

గౌసియా బీ పాదం మళ్లీ తాకింది. గట్టిగా. ఇప్పుడు చెబితే పోలీస్ స్టేషన్. కేసు. ఇంట్లో జబ్బు మనిషి, పరీక్షలు రాసే పిల్ల, లారీ మీద మొగుడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మెసేజ్ తుడిచేసింది కూడా.

"ఫోన్ ఇటియ్యి సార్," అంది మహేశ్వరి. "స్పీకర్ల పెట్టమను. అక్కడ జనం అందరు వినాలె."

"నీకెందుకమ్మా?"

"ఆ మెసేజ్ రాసింది నేను."

ఎస్సై ఆమె ముఖంలోకి చూశాడు. అడగాల్సినవన్నీ మింగేసి, ఫోన్‌లో ఏదో చెప్పి, ఆమె చేతికిచ్చాడు.

అవతల సముద్రంలాంటి హోరు. తెలిసిన హోరే. అరగంట కిందట దాని మధ్యలోనే నిలబడింది.

"నా పేరు మహేశ్వరి!" ఆమె అరిచింది. "నీలం అంగి అని రాసింది నేనే! మా మామ తప్పిపోతే రాసిన. తప్పిపోయిండు అని రాయబోయి తిరుగుతుండు అని రాసిన. ఎవరూ పిల్లలను ఎత్తుకపోలే! మా మామ నా పక్కన్నే ఉన్నడు! మీరు పట్టుకున్నాయన నాకు తెల్వదు. ఆయనది ఏ తప్పు లేదు. తప్పు నాది. కొడితే నన్ను కొట్టుండ్రి. మా ఇల్లు చెప్తా, రాసుకోండ్రి!"

ఇంటి నంబరు చెప్పింది. గల్లీ పేరు చెప్పింది. గౌసియా బీ కళ్లు మూసుకుంది. తర్వాత ఫోన్ లాక్కుని, అదంతా మళ్లీ ఉర్దూలో, మధ్యలో రెండు తిట్లు కలిపి, గొంతు చించుకుని చెప్పింది. గుమ్ హుయే థే, గుమ్, గుమ్ అని మూడుసార్లు అంది.

హోరు తగ్గింది. ఆగలేదు. తగ్గింది. ఎవరో "ఏమంటుంది? మళ్ల చెప్పమను," అన్నారు. ఇంకెవరో "ఆగుండ్రిరా, ఇనుండ్రి," అన్నారు. చెయ్యి తీసేస్తున్నట్టు, బట్ట చినుగుతున్నట్టు ఏవో చప్పుళ్లు.

తర్వాత ఫోన్‌కు చాలా దగ్గరగా ఒక ముసలి గొంతు వినిపించింది.

"అమ్మా, నా పేరు శివయ్య. బంతిపూలకు వచ్చిన. మళ్ల ఒకసారి చెప్పమ్మా. ఎనక ఉన్నోళ్లకు ఇనబడలేదు."

మహేశ్వరి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.